కంప్యూటరుకు విద్యుత్తు నందించు చిన్న పెట్టెను పరీక్షించుట ఎట్లు?

నెల్లూరు కోస్తా పల్లెలలో వేసవి మధ్యాహ్నము కరెంటు పోవుట క్రొత్త సంగతి కాదు. పాఠశాల కంప్యూటరు గదిలో ఇన్వర్టరు ఉన్నను, కరెంటు పోయిన క్షణమున ఒక కంప్యూటరు ఏమియు ఎరుగనట్లు పనిచేయుచునే యుండును. దాని ప్రక్కనున్నది ఆరిపోయి మరల మొదటినుండి ప్రారంభమగును. రెండింటికిని ఇన్వర్టరు ఒకటే, గోడలోని తీగలు ఒకటే. రెండవదానిపై కూర్చున్న విద్యార్థి అంతవరకు వ్రాసినదంతయు పోవును. ఈ తేడాకు కారణము చాలవరకు కంప్యూటరు లోపలనుండు విద్యుత్ సరఫరా పెట్టెలో ఉన్నది. ఆ పెట్టె చిన్నదగు కొలది దానిని మరింత జాగ్రత్తగా పరీక్షింపవలసి యుండును.

ముందుగా ఆ పెట్టె చేయు పని యేమో చూతము. మనకు గోడవద్ద లభించునది 230 వోల్టుల, 50 హెర్ట్‌జుల ఏకాంతర విద్యుత్తు. కంప్యూటరుకు కావలసినది 12, 5, 3.3 వోల్టుల ఏకముఖ విద్యుత్తు. 50 హెర్ట్‌జుల వద్దనే ట్రాన్స్‌ఫార్మరుతో వోల్టేజిని తగ్గింపవలెనన్న, 300 వాట్లకు కొన్ని కిలోగ్రాముల ఇనుము, రాగి కావలెను. అందుచేత నేటి పెట్టెలు వేరు మార్గము త్రొక్కినవి. వచ్చిన విద్యుత్తును ముందు ఏకముఖముగా మార్చి, సుమారు 380 వోల్టులకు పెంచి, ఒక పెద్ద కండెన్సరులో నిలువచేయును. దానిని ట్రాన్సిస్టరులు సెకనుకు ఇంచుమించు లక్షసార్లు తెంచుచు కలుపుచు నుండగా, అరచేతిలో ఇముడు ట్రాన్స్‌ఫార్మరే చాలును. ఏతముతో తోడు నీటిని చెంబుతోను తోడవచ్చును గదా, చేయి అంత వేగముగా ఆడగలిగినచో! 1977లో వెలువడిన ఆపిల్-2 కంప్యూటరులో ఈ పద్ధతినే వాడిరి.

సాధారణపు పెట్టె కొలతలు 150, 140, 86 మిల్లీమీటర్లు. అనగా సుమారు 1.8 లీటర్ల ఘనపరిమాణము. ఎస్.ఎఫ్.ఎక్స్. అను చిన్న పెట్టె 125, 100, 63.5 మిల్లీమీటర్లు, 0.8 లీటరు మాత్రమే. సగమునకన్న తక్కువ స్థలములో అవే వాట్లను ఇముడ్చవలెను. ఇట్లు ఇముడ్చునపుడు ఇరుకున పడునవి రెండు: వేడి బయటికి పోవు దారి, ఆ పెద్ద కండెన్సరు.

మొదటి పరీక్ష దక్షతకు సంబంధించినది. పెట్టెనుండి బయటికి వచ్చు వాట్లను లోపలికి పోవు వాట్లతో భాగించినచో దక్షత లభించును. 300 వాట్లనిచ్చు పెట్టె దక్షత 90 శాతమైనచో, అది 333 వాట్లు తీసికొని 33 వాట్లను వేడిగా మార్చును. దక్షత 80 శాతమైనచో 375 వాట్లు తీసికొనును. వేడి 75 వాట్లు! దక్షతలో తేడా పది శాతమే, వేడిలో తేడా రెండింతలకు పైన. చిన్న పెట్టెకు ఈ లెక్క ప్రాణప్రదమైనది.

లోపలికి పోవు వాట్లను కొలుచుటలో ఒక చిక్కు కలదు. వోల్టుమీటరు, అమ్మీటరు చూపిన అంకెలను గుణించిన వాట్లు రావు. ప్రవాహపు ఆకారమును సరిదిద్దు ఏర్పాటు లేని పెట్టెలు వోల్టేజి శిఖరమున నున్నపుడు మాత్రమే విద్యుత్తును గుటుక్కున మ్రింగును. వాటి పవర్ ఫాక్టరు 0.6 ప్రాంతమున నుండవచ్చును. ఈ విషయము తెలియక గుణకారము చేసినవారికి మంచి పెట్టె కూడ చెడ్డదిగా కనబడును. వాట్‌మీటరుతోనే కొలువవలెను.

పెట్టెలపై కనబడు '80 ప్లస్' గుర్తు 2004లో ప్రారంభమైనది. బంగారు శ్రేణి గుర్తు పొందుటకు 115 వోల్టుల వద్ద 20, 50, 100 శాతము భారములలో వరుసగా 87, 90, 87 శాతము దక్షత చూపవలెను. మన 230 వోల్టుల వద్ద దక్షత సాధారణముగా ఒకటి రెండు శాతము మెరుగుగానే యుండును. ఇది మనకు లాభమే. కాని ఆ పరీక్ష జరుగునది 23 డిగ్రీల సెల్సియస్ ప్రాంతపు చల్లని గదిలో. నెల్లూరులో మే నెలయందు 40 డిగ్రీలు దాటు దినములు తక్కువ కావు. గుర్తు అబద్ధమాడుట లేదు. అది మన గదిని గూర్చి చెప్పుట లేదు, అంతే. కనుక పెట్టెను వేడిగదిలో మరల పరీక్షించుట అవసరము. తయారీదారులలో కొందరు తమ వాట్లను 40 డిగ్రీల వద్ద, కొందరు 50 డిగ్రీల వద్ద లెక్కించి చెప్పుదురు. ఆ ఉష్ణోగ్రతను చెప్పని పెట్టెపై నున్న వాట్ల అంకెకు విలువ తక్కువ.

వేడి ముఖ్యముగా బాధించునది కండెన్సరును. దానిలో ద్రవము కలదు. అది క్రమముగా ఎండును. ప్రతి 10 డిగ్రీల పెరుగుదలకు ఆయుర్దాయము సుమారు సగమగునని ఇంజనీర్లు లెక్క కట్టుదురు. 105 డిగ్రీల వద్ద 2,000 గంటలు పనిచేయునది 75 డిగ్రీల వద్ద 16,000 గంటలు పనిచేయును. గది 23 డిగ్రీలకు బదులు 38 డిగ్రీలున్నచో, ఆయువు ఇంచుమించు మూడవ వంతునకు పడిపోవును.

ఇప్పుడు మొదటి ప్రశ్నకు వత్తము. గోడనుండి విద్యుత్తు ఆగిన పిమ్మట పెట్టె ఎంతసేపు కంప్యూటరును నిలుపగలదు? కంప్యూటరు పెట్టెలకు చిరకాలముగా కోరు కాలము 16 మిల్లీసెకన్లు. ఆ కొద్ది కాలమును భరించునది పెద్ద కండెన్సరులోని శక్తియే. 220 మైక్రోఫారడుల కండెన్సరు 380 వోల్టులనుండి 300 వోల్టులకు దిగువరకు ఇచ్చు శక్తి, పాఠ్యపుస్తకములోని సూత్రము ప్రకారము, సుమారు 6 జౌళ్లు. 300 వాట్ల భారమునకు కండెన్సరు నుండి 326 వాట్లు పోవుననుకొన్నచో, అది 18 మిల్లీసెకన్లు నిలుచును. పరీక్షలో నెగ్గినట్లే. కొన్ని వేసవులు గడచి దాని ధారణశక్తి ఐదవ వంతు తగ్గినదనుకొందము: అప్పుడు 14.7 మిల్లీసెకన్లు మాత్రమే. నాడు నెగ్గిన పెట్టె నేడు ఓడినది! అయితే 100 వాట్లు మాత్రమే వాడు కంప్యూటరులో అదే పెట్టె అంతకు సుమారు మూడింతల కాలము నిలుచును. అందుచేతనే, ఇన్వర్టరు మారుటకు పట్టు కొన్ని మిల్లీసెకన్లలో, కొన్నింటిలో అంతకంటె ఎక్కువ కాలములో, పని తక్కువగానున్న కంప్యూటరు బ్రతికి, భారముతోనున్నది ఆరిపోవుట.

ప్రయోగశాలలో దీనిని కొలుచుటకు పెట్టెపై పూర్తి భారముంచి, విద్యుత్తును తెంచి, 12 వోల్టుల రేఖ ఎంతసేపటికి క్రుంగునో ఆసిలోస్కోపులో చూతురు. ఆ రేఖ 5 శాతమునకు మించి హెచ్చుతగ్గులు పొందరాదు. దానిపై సన్నని అలలవలె కనబడు రిపిల్ 120 మిల్లీవోల్టులు దాటరాదు; 5, 3.3 వోల్టుల రేఖలకు హద్దు 50 మిల్లీవోల్టులు. కండెన్సరులు ఎండుకొలది ఈ అలలును పెరుగును.

కోస్తాలో మరి రెండు బాధలు కలవు. ముత్తుకూరు మండలములో, కృష్ణపట్టణము చేరువనే, 800 మెగావాట్ల యంత్రములు గల శ్రీ దామోదరం సంజీవయ్య థర్మల్ విద్యుత్ కేంద్రమున్నది. కాని కేంద్రము దాపున నున్నంత మాత్రమున లైను చివర వోల్టేజి స్థిరముగా నుండదు. రొయ్యల చెరువులలో గాలి నింపు మోటారులు ఒక్కసారి కదలినపుడు అది క్రుంగును. 230 వోల్టులు 180కి దిగినచో, అవే 333 వాట్లకు ప్రవాహము 1.45 ఆంపియర్ల నుండి 1.85కు పెరుగును, లోపలి తీగచుట్టలలో వేడి 1.6 రెట్లగును. కనుక తక్కువ వోల్టేజి వద్దను పరీక్షింపవలెను. రెండవది ఉప్పుగాలి. గాలిలోని తేమ 75 శాతము దాటినచో ఉప్పు దానిని పీల్చి నీరగును. పంకా లోనికి లాగిన ధూళిపై అది విద్యుత్తు ప్రవహించు పొరగా ఏర్పడవచ్చును. దక్షతా పరీక్షలో ఇది కనబడదు.

పాఠశాలలో ఉపాధ్యాయుని సమక్షమున చేయదగిన పరీక్ష ఒకటి కలదు. కంప్యూటరు నుండి విడదీసిన పెట్టెలోని పచ్చతీగను నల్లతీగతో కలిపినచో అది మేల్కొనును. పసుపు, నల్ల తీగల నడుమ కారు దీపపు 12 వోల్టుల, 55 వాట్ల బల్బులను ఒక్కొక్కటిగా చేర్చవలెను. అన్నిటిని ఒకేసారి కలిపినచో పెట్టె తన రక్షణ ఏర్పాటుచే ఆగిపోవచ్చును. చల్లని ఫిలమెంటు నిరోధము వేడిదానిలో పదవ వంతు ప్రాంతమున నుండుటయే దీనికి కారణము. ఒక్కొక్క బల్బు సుమారు నాలుగున్నర ఆంపియర్లు తీసికొనును గనుక వాటిని వేర్వేరు పసుపు తీగలకు పంచవలెను. పెట్టెను మాత్రము ఎన్నడును విప్పరాదు. ప్లగ్గు తీసిన పిమ్మట కూడ కండెన్సరులో ప్రాణాపాయకరమైన వోల్టేజి కొంతసేపు నిలిచియుండును.

కొలతల పట్టికలో వోల్టులు, ఆంపియర్లు, వాట్లతోపాటు గది ఉష్ణోగ్రతను, తేదీని కూడ వ్రాయవలెను. జనవరిలో తీసిన పట్టికను అదే పెట్టెతో, అవే బల్బులతో ఏప్రిల్‌లో, బడి మూయుటకు ముందు, మరల తీసి ప్రక్కప్రక్కన ఉంచవలెను.