బొమ్మ బయట... నీళ్ళు లోపల!

పోస్టరు చూసి టికెట్ కొంటే పోయేది రెండున్నర గంటలే. బొమ్మ చూసి పిల్లలకి నీళ్ళ బాటిల్ కొంటే మాత్రం ఆ సినిమా ఏడాదంతా ఆడుతుంది!

కాణిపాకంలో నాకు తట్టిన మాట ఇది. చిత్తూరుకు పది పన్నెండు కిలోమీటర్ల దూరంలో, బాహుదా నది ఒడ్డున ఉన్న ఊరు. 'కాణి' అంటే తడి నేల, 'పారకం' అంటే నీరు పారడం. ఊరి పేరే నీళ్ళ మీద పుట్టిందనీ, వరసిద్ధి వినాయకుడు వెలిసింది కూడా బావిలోనేననీ స్థలపురాణం. అక్కడికి విహారయాత్రకొచ్చిన బడిపిల్లల మెడల్లో చూద్దునుగదా, ఒక్కో బాటిలూ ఒక్కో వాల్‌పోస్టరు!

ఓ అంగడి ముందు ఏడేళ్ళ బుడతడు "నాకు ఈ బొమ్మదే కావల్ల!" అని మొండికేశాడు. వాళ్ళక్క, కాలేజీ పిల్ల, "బొమ్మ బాగుండాది గానీ, ముందు మూత తీసి చూడు నాయనా" అంది. శభాష్! చిత్తూరు పేరును వెండితెరకెక్కించిన నాగయ్యగారు నిలబడింది మేకప్‌తో కాదు, లోపలి సరుకుతోనే కదా!

తమ్ముళ్ళకూ చెల్లెళ్ళకూ బాటిల్ కొనే డ్యూటీ మీలో చాలామందిదే. కాబట్టి కొనేముందు చిన్న స్క్రీన్ టెస్ట్ చేయండి.

మొదటిది - ఒళ్ళు. స్టీలయితే 304 రకం మంచిది. స్టీలు, రాగి, అల్యూమినియం మంచినీళ్ళ బాటిళ్ళకి ఐ.ఎస్. 17803 అనే ప్రమాణం 2022లో వచ్చింది, ఐ.ఎస్.ఐ. గుర్తు వెతకండి. ప్లాస్టిక్ అయితే అడుగున త్రికోణంలోని అంకె చూడండి. 5 ఉంటే మేలు. 1 ఉన్నది ఒకసారి వాడి పారేసే రకం. 7 ఉంటే అందులో బిస్ఫినాల్-ఎ ఉండే పాలికార్బొనేట్ కావచ్చు. పసిపిల్లల పాలసీసాల్లో దాన్ని ఐరోపా దేశాలు 2011లోనే నిషేధించాయి. ప్లాస్టిక్ బాటిల్ ఏదైనా సరే, వేడినీళ్ళు పోయకండి, ఎండలో వదలకండి.

రెండోది - మూత. అసలు విలన్ దాక్కునేది ఇక్కడే! స్ట్రా, రబ్బరు వాషర్ ఊడివస్తాయా? మూతి వెడల్పుగా ఉండి బ్రష్ అడుగుదాకా పోతుందా? పోకపోతే నాచూ, బూజూ లోపలే కాపురం పెడతాయి. రోజూ సబ్బుతో కడిగి, మూత తీసి ఆరబెట్టాల్సిందే.

మూడోది - అడుగు. 2022లో అమెరికాలో పసిపిల్లల స్టీలు బాటిళ్ళను వెనక్కి తీసుకున్నారు. అడుగు బిళ్ళ ఊడితే సీసం కలిసిన టంకం చుక్క బయటపడుతోందట. సీసాలో సీసం! అడుగు ఊడిన ఫ్లాస్కును పిల్లల చేతికివ్వకండి.

నాలుగోది - బరువు. లీటరు నీళ్ళంటేనే కిలో. చిన్నపిల్లలకి అర లీటరు బాటిల్ చాలు, అయిపోగానే నింపుకోవచ్చు. మజ్జిగ, నిమ్మరసం మాత్రం రాగి బాటిల్లో పోయకండి. పులుపుకి రాగి కరిగి కడుపులో తిప్పుతుంది.

ఈ నాలుగూ పాసయ్యాక, బొమ్మ ఏ హీరోదైనా మనకి అభ్యంతరం లేదు!

అన్నట్టు, కాణిపాకం నుంచి అటే తిరుమల వెళ్ళేవాళ్ళకో మాట. కొండ మీద ప్లాస్టిక్ నీళ్ళ సీసాలు నిషిద్ధం. స్టీలు బాటిల్‌కి మాత్రం అక్కడా రాజమర్యాదే!