రెఫర్ చీటీ కంటె ముందు సూది పడాలె

జరం, తలకాయ నొప్పి మన ఊర్లకు కొత్త కాదు. ఆర్‌ఎంపీ దగ్గర సూది, నాలుగు గోలీలు, రెండొద్దులకు లేస్తం. కానీ జరంతోటి తల పగిలేటట్టు నొస్తున్నా, మెడ వంగకున్నా, మనిషి మగతగ పడి ఏదేదో మాట్లాడుతున్నా అది ఊర్ల తగ్గే జరం కాదు. మెదడు చుట్టూ ఉండే పొరలకు బ్యాక్టీరియా పట్టి ఉండొచ్చు. దాన్నే మెనింజైటిస్ అంటరు. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్కల ఇది వచ్చిన 6 మందిల ఒకరు చనిపోతున్నరు. బతికినోళ్లల్ల 5 మందికి ఒకరు చెవుడు, ఫిట్స్ లాంటి తిప్పలతోటి మిగులుతున్నరు.

గోలీలు ఎందుకు సాలవు? రక్తంల ఉన్న మందును మెదడు దిక్కు సులువుగ పోనియ్యని అడ్డుగోడ ఒకటుంటది. అది దాటాలంటె పెద్ద మోతాదు నేరుగ నరంలకు ఎక్కాలె. పెద్దోళ్లకు మామూలుగ సెఫ్ట్రియాక్సోన్ 2 గ్రాములు 12 గంటలకోసారి ఇస్తరు. మందుకు లొంగని క్రిమి అనుకుంటె వాంకోమైసిన్, 60 దాటినోళ్లకు యాంపిసిలిన్ కలుపుతరు. వాపు తగ్గనీకి మొదటి డోసుతోటే డెక్సామెథసోన్ ఇస్తరు. క్రిమిని బట్టి కోర్సు 7 నుంచి 14 రోజులు, ఒక్కోసారి 21. జరం దిగిందని మధ్యల ఇంటికి తీస్కపోవద్దు.

వెన్నునీరు తీస్తమంటె 'నడుము పడిపోతది' అని మనోళ్లు సంతకం పెట్టరు. ఆ సూది వెన్నుపాము ఆగిపోయిన చోటికి కింద గుచ్చుతరు. కొన్నొద్దులు తలనొప్పి, నడుమునొప్పి ఉండొచ్చు, అంతే. ఏ క్రిమో తెలిసేది ఆ నీటితోనే. టీబీ మెనింజైటిస్ అయితె మందులే వేరు, నెలల తరబడి వాడాలె. అయితె పరీక్ష లేటైతదంటె రక్తం తీసి మందు మొదలుపెట్టాలె, రిపోర్టు కోసం ఆగొద్దు.

ఇగ అసలు ముచ్చట. దవాఖానకు వచ్చిన గంట లోపల మొదటి డోసు పడాలని డాక్టర్ల లెక్క. జనగామ, సిద్దిపేట దిక్కు నుంచి సికింద్రాబాద్ గాంధీ దవాఖానకు రానీకే ఆ గంట దాటిపోతది. దారి లేటైతదనుకుంటె బయలెల్లకముందే యాంటీబయాటిక్ ఇయ్యాలని బ్రిటన్‌ల నియమం ఉన్నది. సెఫ్ట్రియాక్సోన్ మన దేశ అత్యవసర మందుల జాబితాల ఉన్నదే, కొత్తగ కనిపెట్టేది కాదు. మరి మన ఏరియా దవాఖానల్ల డాక్టరు ఆ డోసు ఇచ్చి పంపుతున్నడా, ఉత్త చీటీ రాసి పంపుతున్నడా?

తమ్మీ, చెల్లే, 108 ఎక్కెటప్పుడు అడుగున్రి: ఏం మందు ఇచ్చిన్రు, ఎన్ని గంటలకు ఇచ్చిన్రు? అది చీటీ మీద రాయించున్రి. మీ ఏరియా దవాఖానల ఆ సూది స్టాకు లేకుంటె, అది మనం కొట్లాడి తెచ్చుకోవాల్సిన హక్కు.