జనుము గింజతో జాగ్రత్త

కూచిపూడి ప్రాంతపు సంఘాలకు తనిఖీకి వెళ్ళినప్పుడు, వరి మాగాణిలో చల్లిన జనుము మేత మంచిదేనా అని సభ్యులు మమ్ము అడుగుతుంటారు. లేత మేత మంచిదే, భయమంతా గింజతోనే.

జనుము గిలిగిచ్చ జాతి మొక్క. ఆ జాతిలోనే మరొక మొక్క గింజలను ఎలుకలకు మేపగా ఊపిరితిత్తుల ధమనులలో రక్తపోటు పెరిగినట్లు 1967లో శాస్త్రజ్ఞులు చూపారు. ఆ గింజలలోని విషం మోనోక్రోటలిన్. అది కాలేయంలో మరింత తీవ్రమై, రక్తంతో ఊపిరితిత్తులకు చేరి ధమనుల లోపొరను దెబ్బతీస్తుంది. ధమనులు మందమై ఇరుకవుతాయి. గుండె కుడి భాగంపై భారం పడుతుంది. ఒక్క సూదిమందుతో మూడు, నాలుగు వారాలలో ఎలుకకు ఈ జబ్బు వస్తుంది. మనుషులకు వచ్చే ఇటువంటి జబ్బు మందులను నేటికీ ఇట్టి ఎలుకలపై పరీక్షిస్తున్నారు. అయితే ఎలుకకు నయం చేసిన మందెల్లా మనిషికి పనిచేయదు.

జనుము గింజలలోనూ ఈ తరగతి విషాలున్నాయి. కావున సభ్యులు కాయ కట్టకముందే మేత కోసి, వరిగడ్డితో కలిపి వేయాలి. విత్తనానికి వదిలిన మడిలోకి పశువును తోలరాదు. మిగిలిన గింజను దాణాలో కలపరాదు.