జరిమానా ట్రస్టుకా, ట్రస్టీకా?

ఒక ధర్మసంస్థ నడిపే స్కూలు ఉందనుకుందాం. ట్రస్టీల్లో ఒకాయన తన కొడుకును అక్కడ అడ్మినిస్ట్రేటర్‌గా పెట్టించాడు. ఆ ఊళ్లో మిగతా స్కూళ్లు అదే పనికి నెలకు రూ.40,000 ఇస్తుంటే ఇక్కడ రూ.60,000 ఇస్తున్నారు. అంటే నెలకు రూ.20,000, ఏడాదికి రూ.2,40,000 ఎక్కువ.

ఈ సంగతి ఆదాయపు పన్ను శాఖ కంట పడితే ఏమవుతుంది? ధర్మసంస్థ సొమ్ము దాన్ని నడిపేవాళ్లకు గానీ, వాళ్ల బంధువులకు గానీ లాభం చేకూర్చకూడదని 1961 ఆదాయపు పన్ను చట్టంలోని 13వ సెక్షన్ చెబుతుంది. చేసిన పనికి తగిన జీతం ఇస్తే తప్పు లేదు. తగినదానికి మించి ఇస్తే, ఆ మించిన మేరకు పన్ను మినహాయింపు పోతుంది. దాని మీద 115బిబిఐ సెక్షన్ కింద 30 శాతం పన్ను పడుతుంది. మన లెక్కలో అది సెస్సు కలపకుండానే రూ.72,000. ఆపైన 271ఏఏఈ సెక్షన్ జరిమానా ఉంది. మొదటిసారి అయితే మళ్లిన సొమ్ము ఎంతో జరిమానా కూడా అంతే, రూ.2,40,000. తర్వాత మరో ఏడాది మళ్లీ దొరికితే దానికి రెట్టింపు, రూ.4,80,000.

ఇప్పుడు కూడి చూడండి. జీతం రూపంలో అదనంగా పోయింది రూ.2,40,000, పన్ను రూ.72,000, జరిమానా రూ.2,40,000. మొత్తం రూ.5,52,000. నెలకు వెయ్యి రూపాయల ఫీజు కట్టే స్కూలైతే అది 46 మంది పిల్లల ఏడాది ఫీజు. ఈ పన్నూ జరిమానా రెండూ కట్టాల్సింది ట్రస్టే. జీతం తీసుకున్న కొడుకు గానీ, ఆ తీర్మానానికి చెయ్యెత్తిన తండ్రి గానీ ఈ సెక్షన్ల కింద కట్టాల్సింది ఒక్క రూపాయి కూడా లేదు.

2022కు ముందు పరిస్థితి ఇంకా కఠినం. ఇలాంటి ఒక్క తప్పుతో సంస్థ మొత్తం ఆదాయానికే మినహాయింపు పోయే ప్రమాదం ఉండేది. 2022 ఫైనాన్స్ చట్టం దాన్ని తప్పు జరిగిన మేరకే కుదించింది. ఇది మంచి మార్పే. కానీ కట్టేవాళ్లెవరన్నది మాత్రం మారలేదు. పరస్పర విరుద్ధ ప్రయోజనాల గురించి మన దగ్గర జరిగే చర్చంతా బంధువును పెట్టుకోవచ్చా కూడదా అన్న దగ్గరే ఆగిపోతోంది. నా దృష్టిలో అంతకంటే పెద్ద ప్రశ్న తప్పుకు మూల్యం ఎవరు చెల్లించాలన్నది. ఎందుకంటే మన పన్ను చట్టం ప్రకారం మోసపోయినవాళ్లే జరిమానా కూడా కడుతున్నారు.

ఇదే లెక్కను అమెరికాకు తీసుకెళ్దాం. అక్కడి గుళ్లు, తెలుగు సంఘాలు చాలావరకు అక్కడి పన్ను చట్టంలోని 501(సి)(3) సెక్షన్ కింద ధర్మసంస్థలుగా నమోదైనవే కాబట్టి వాటి బోర్డుల్లో ఉన్న మనవాళ్లకు ఇది సొంత వ్యవహారం. 1996 దాకా అక్కడి పన్ను శాఖ చేతిలోనూ ఒకే పెద్ద ఆయుధం ఉండేది, సంస్థ గుర్తింపును రద్దు చేయడం. తప్పు చేసినవాడు తప్పించుకుంటున్నాడు, సంస్థ చచ్చిపోతోందని గ్రహించి ఆ ఏడాది 4958 సెక్షన్ తెచ్చారు. బోర్డు సభ్యుడి కొడుక్కి ఏడాదిలో 24,000 డాలర్లు అధికంగా ముట్టాయనుకోండి. అతను ఆ 24,000నూ వడ్డీతో సహా సంస్థకు తిరిగి కట్టాలి. దానిపైన ప్రభుత్వానికి 25 శాతం, అంటే 6,000 డాలర్ల పన్ను కట్టాలి. గడువులోగా తిరిగి కట్టకపోతే మరో 200 శాతం, అంటే 48,000 డాలర్లు పడుతుంది. తప్పని తెలిసీ ఆమోదించిన బోర్డు సభ్యులంతా కలిసి 10 శాతం, అంటే 2,400 డాలర్లు కట్టాలి. ఒక్కో లావాదేవీకి ఈ మొత్తం 20,000 డాలర్లు దాటదు. ఈ పన్నుల్లో ఏదీ సంస్థ ఖాతాలోంచి పోదు. పైగా సంస్థకు దాని సొమ్ము వెనక్కి వస్తుంది.

కుటుంబ ఫౌండేషన్లు పెట్టుకున్న ప్రవాసులకు అక్కడ నియమం ఇంకా బిగువు. 4941 సెక్షన్ ప్రకారం ఫౌండేషన్‌కూ దాన్ని పెట్టినవాళ్లకూ మధ్య అమ్మకాలు, కౌలు, అప్పుల వంటివి చాలావరకు నిషిద్ధం. న్యాయమైన ధరకే అమ్మానని చెప్పినా వినరు.

బంధువు అంటే ఎవరన్నది రెండు చోట్లా చట్టమే లెక్కగట్టి చెప్పింది. 13వ సెక్షన్ జాబితాలో భార్య లేదా భర్త, అన్నదమ్ములు, అక్కచెల్లెళ్లు, జీవిత భాగస్వామి తోబుట్టువులు, ఇద్దరి వైపు తల్లిదండ్రులు, తాతలు, పిల్లలు, మనవలు, వీళ్లందరి భార్యలూ భర్తలూ ఉన్నారు. ఇద్దరి వైపు తోబుట్టువుల పిల్లలు కూడా ఉన్నారు. అంటే కోడలు, అల్లుడు, తోడల్లుడు, మేనల్లుడు అందరూ లెక్కలోకి వస్తారు. వియ్యంకుడు మాత్రం రాడు. అక్క కొడుకు కొటేషన్‌ను పట్టుకునే చట్టం, కూతురి మామగారి కొటేషన్‌ను వదిలేస్తుంది. మన ఊళ్లలో వియ్యంకుడి మాట ఎంత బరువైనదో తెలిసినవాళ్లకు ఈ ఖాళీ ఎంత పెద్దదో అర్థమవుతుంది. అమెరికా జాబితాలో ఇంకో ఖాళీ ఉంది. అక్కడ అక్కచెల్లెళ్ల భర్తలు ఉన్నారు, భార్య తమ్ముడు లేడు. అందుకే చట్టం గీసిన గీతతో సరిపెట్టుకోకుండా, సంస్థ తన నియమావళిలో ఈ బంధాలను కూడా చేర్చుకోవడం మేలు. దానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు.

సొంత కంపెనీల విషయంలో మూడు అంకెలు గుర్తుంచుకోవాలి: 2, 20, 35. కంపెనీల చట్టం సెక్షన్ 8 కింద నమోదైన సంస్థలో డైరెక్టరై ఉండి, ఆ సంస్థతో లావాదేవీ జరిపే మరో కంపెనీలో 2 శాతానికి మించి వాటా ఉంటే, ఆ సంగతి బోర్డుకు చెప్పి ఆ చర్చకు దూరంగా ఉండాలి. 13వ సెక్షన్ ప్రకారమైతే ట్రస్టీకి, ఆయన వాళ్లకు కలిపి 20 శాతం ఓటు హక్కో లాభమో ఉన్న వ్యాపారం కూడా నిషిద్ధ జాబితాలోకి వస్తుంది. అమెరికాలో ఆ గీత 35 శాతం పైన ఉంది. ఈ మూడింటిలో 2 శాతమే సరైన చోట ఉందని నా అభిప్రాయం, ఎందుకంటే అది వ్యాపారం ఆపమనదు, నోరు విప్పి చెప్పమంటుంది. ఆ చెప్పడంలో ఖర్చేమీ లేదు. అయితే 2015 జూన్ 5 నాటి నోటిఫికేషన్ ఈ సెక్షన్ 8 కంపెనీలకు ఒక సడలింపు ఇచ్చింది. లావాదేవీ విలువ లక్ష రూపాయలు దాటితేనే పైన చెప్పిన నియమం వర్తిస్తుంది.

ఇదే కంపెనీల చట్టంలో మనకు కావలసిన ఇంకో ముక్క ఉంది. తన స్వప్రయోజనాన్ని దాచిన డైరెక్టర్‌కు 184వ సెక్షన్ లక్ష రూపాయల పెనాల్టీ వేస్తుంది. అది సంస్థ మీద కాదు, ఆయన మీదే. కాబట్టి వ్యక్తిని పట్టుకోవడం పరాయి దేశపు ఆలోచనేమీ కాదు. మన చట్టాల్లో ఒకచోట ఉంది, ట్రస్టుల పన్ను చట్టంలో లేదు, అంతే.

దాతల విషయంలో ఈమధ్య కొంత ఊరట దొరికింది. నిన్నమొన్నటి దాకా ఒక సంస్థకు అన్ని ఏళ్లూ కలిపి రూ.50,000 దాటి ఇచ్చినవాళ్లంతా, వాళ్ల బంధువులతో సహా, ఈ 13వ సెక్షన్ జాబితాలోకి వచ్చేవాళ్లు. ఏటా ఐదు వేలు ఇచ్చే రిటైర్డ్ టీచర్ పదకొండో ఏడు చందా ఇవ్వగానే 'సంబంధిత వ్యక్తి' అయిపోయేవాడు. 2025 ఫైనాన్స్ చట్టం దీన్ని ఒక ఏడాదిలో లక్ష దాటితే గానీ, మొత్తం మీద రూ.10 లక్షలు దాటితే గానీ అని మార్చింది. ఆ దాతల బంధువులనూ తీసేసింది. 2026 ఏప్రిల్ 1 నుంచి 1961 చట్టం స్థానంలో వర్తించేది 2025 ఆదాయపు పన్ను చట్టం కాబట్టి, ఇక్కడ చెప్పిన 1961 చట్టం సెక్షన్ల నంబర్లు అందులో వేరుగా ఉంటాయి. ఆడిటర్‌ను అడిగేటప్పుడు నంబరు చెప్పకుండా విషయం చెప్పి అడగండి.

ఇవన్నీ ఎక్కడ తేలతాయంటే మినిట్స్ పుస్తకంలో. మన సంఘాల మినిట్స్ ఎక్కువగా 'సభ్యులందరి ఆమోదంతో తీర్మానించడమైనది' అన్న ఒక్క వాక్యంతో ముగుస్తాయి. ఏడుగురు ట్రస్టీలున్న స్కూల్లో ఎలా రాయాలో ఊహించి రాస్తున్నాను:

'అంశం 4, స్కూలు బస్సు కాంట్రాక్టు. తన అల్లుడి సంస్థ కొటేషన్ ఇచ్చిందని కోశాధికారి ముందే చెప్పి గది బయటికి వెళ్లారు. మూడు కొటేషన్లు చూశాం: కిలోమీటరుకు రూ.41, రూ.38, రూ.36. చివరిది అల్లుడిగారిది. మరో రెండు స్కూళ్లలో రేటు కూడా కనుక్కున్నాం, రూ.37, రూ.40. రూ.36కు ఇవ్వాలని ఐదుగురు, వద్దని ఒకరు. వద్దన్నవారి కారణం: ఏటా టెండరు పిలవాలి. కోశాధికారి ఓటు వేయలేదు.'

అల్లుడికే కాంట్రాక్టు దక్కింది, అయినా ఇందులో తప్పు పట్టడానికేమీ లేదు. అమెరికా నియమాలు సరిగ్గా ఇలాంటి కాగితానికే విలువ ఇస్తాయి. స్వప్రయోజనం లేని సభ్యులే ఆమోదించడం, పోల్చి చూసిన ధరలు దగ్గర ఉండటం, అప్పటికప్పుడే రాసిపెట్టడం, ఈ మూడూ ఉంటే ధర న్యాయమైనదేనని అక్కడి పన్ను శాఖ ముందుగా నమ్ముతుంది. కాదని రుజువు చేసే భారం శాఖదే. రాసిపెట్టడానికి గడువు తర్వాతి సమావేశం లేదా 60 రోజులు, రెండింటిలో ఏది ఆలస్యమైతే అది. ఏడాదికి పది లక్షల డాలర్లలోపు రాబడి ఉన్న చిన్న సంస్థలకు జీతాల విషయంలో తమలాంటి మూడు సంస్థల వివరాలు చాలు. ఈ అవకాశాన్ని వాడుకోని తెలుగు సంఘాలు ఉంటే వెంటనే వాడుకోవాలి. పెద్ద సంస్థలు అక్కడి పన్ను శాఖకు ఏటా దాఖలు చేసే ఫారం 990 ఆరో భాగంలో 12వ ప్రశ్న కూడా పరస్పర విరుద్ధ ప్రయోజనాల గురించే అడుగుతుంది. రాతపూర్వక విధానం ఉందా, ఏటా వెల్లడి చేయిస్తున్నారా, అమలు చూస్తున్నారా అని. గత మూడేళ్ల ఫారాలను అడిగినవారికల్లా చూపించాలి. మన దేశంలో ట్రస్టు పన్ను రిటర్నును అలా అడిగి చూసే హక్కు చందాదారుకు లేదు.

సమావేశమే జరగకపోతే ఇవేవీ పనిచేయవు. డొనాల్డ్ ట్రంప్ ఫౌండేషన్ మీద న్యూయార్క్ అటార్నీ జనరల్ 2018లో వేసిన దావాలో బోర్డు 1999 నుంచి ఒక్కసారి కూడా కూర్చోలేదని పేర్కొన్నారు. ఫౌండేషన్ డబ్బుతో 10,000 డాలర్లకు ట్రంప్ చిత్రపటం కొన్న సంగతి కూడా అందులో ఉంది. 2019 నవంబరులో కోర్టు ట్రంప్‌ను 20 లక్షల డాలర్లు కట్టమంది. ఆ డబ్బు ఇతర ధర్మసంస్థలకు వెళ్లింది. ఫౌండేషన్ మూతపడి, మిగిలిన నిధులూ అలాగే పంచారు. ఇక్కడా కట్టింది వ్యక్తే.

మన దగ్గర వ్యక్తిని పట్టుకోవాలంటే దారి లేకపోలేదు. సివిల్ ప్రొసీజర్ కోడ్ 92వ సెక్షన్ ప్రకారం, పబ్లిక్ ట్రస్టుతో ప్రయోజన సంబంధం ఉన్న ఇద్దరు వ్యక్తులు కోర్టు అనుమతితో దావా వేయవచ్చు. ట్రస్టీని తొలగించమని, లెక్కలు చెప్పించమని అడగవచ్చు. ఇద్దరు చాలు. కానీ ఆ ఇద్దరికీ వకీలు ఖర్చు, ఏళ్ల తరబడి వాయిదాలు, ఊళ్లో శత్రుత్వం తప్పవు. పిల్లల తల్లిదండ్రుల మీద ఇంత భారం మోపడం న్యాయం కాదు. పన్ను చట్టంలోనే ఒక మార్పు తేవాలి: అదనంగా తీసుకున్న సొమ్ము తీసుకున్నవాడి నుంచి వెనక్కి రాబట్టాలి, జరిమానా అతనిదీ, తెలిసి ఓటేసినవాళ్లదీ కావాలి.

అది వచ్చేదాకా ట్రస్టులు తమ నియమావళిలో ఒక నిబంధన రాసుకోవచ్చు. సభ్యుడికో అతని బంధువుకో తగినదానికి మించి చెల్లించినట్టు తేలితే, ఆ సొమ్మూ దానిమీద పడిన పన్నూ జరిమానా ఆ సభ్యుడూ, ఆమోదించినవాళ్లూ భరించాలని. వద్దని ఓటేసి తన పేరు మినిట్స్‌లో రాయించుకున్న ట్రస్టీని ఆ భారం నుంచి మినహాయించాలని కూడా అందులోనే రాయాలి. కొత్తగా ట్రస్టులో చేరేవాళ్లతో సంతకం పెట్టించే మొదటి కాగితం ఇదే కావాలి.