గోడకు ఆవలి పెట్టె

ఎండాకాలపు మధ్యాహ్నము ఏసీ గదిలో కూర్చున్నవారు గోడమీది తెల్లని పెట్టెను మెచ్చుకొందురు. చల్లదనము నిచ్చునది అదియే అనుకొందురు. ఆ గోడకు ఆవల, ఎండలోను ధూళిలోను తిరుగుచున్న మరియొక పెట్టెను తలచువారు అరుదు. నిజమునకు బరువైన పని అంతయు దానిది. శ్రీకాకుళము, విజయనగరము జిల్లాల తీరమున దానికి శత్రువులు కూడ ఎక్కువ. వాయిదాలమీద కొన్న యంత్రము వాయిదాలు తీరకమునుపే పాడగుట మనలో పలువురు ఎరిగినదే. కావున ఆ రెండవ పెట్టెను గూర్చి నేడు ముచ్చటించుకొందము.

మొదట ఒక భ్రమను తొలగించుకొనవలెను. ఈ యంత్రము చల్లదనమును తయారుచేయదు. గదిలోని వేడిని తోడి వెలుపల పారబోయును. నీరు పల్లమునకు పారునట్లు, వేడి తనంతట తాను వేడిచోటినుండి చల్లనిచోటికే పోవును. నూతినీటిని పైకెత్తుటకు మన పెద్దలు ఏతము తొక్కినట్లే, చల్లని గదిలోని వేడిని మండుటెండలోనికి ఎత్తిపోయుటకు బలము కావలెను. ఆ బలము కరెంటుది. అందుచేతనే ఇట్టి యంత్రమునకు ఉష్ణపంపు అని పేరు. ఇట్టి సాధనముతో భవనములను వెచ్చబరచవచ్చుననియు, చల్లబరచవచ్చుననియు 1852లోనే విలియం థామ్సన్ అను శాస్త్రజ్ఞుడు సూచించెను. లార్డ్ కెల్విన్ అని తరువాత ప్రసిద్ధికెక్కినవాడు ఆయనయే. చలిదేశములలో దీనినే వ్యతిరేకముగా నడిపి, బయటి వేడిని ఇంటిలోనికి తోడుకొందురు. మన తీరమున ఆ అక్కర లేదు.

ఇది తోడు విధము కూడ మనకు కొత్త కాదు. మట్టికుండ చెమర్చినకొలది లోపలి నీరు చల్లబడును. తడి ఆవిరియగుచు వేడిని తీసికొనిపోవుటయే కారణము. ఏసీ లోపలి పెట్టెలోని గొట్టములలో గ్యాసు ద్రవరూపమున వచ్చి, ఆవిరియగుచు గదివేడిని పీల్చును. బయటి పెట్టెలోని కంప్రెసరు ఆ ఆవిరిని అదిమి, వెలుపలి గాలికంటె వేడిగా చేయును. అప్పుడది అల్యూమినియము రేకులు తొడిగిన గొట్టములలో తిరుగుచు, ఫాను లాగు గాలికి తన వేడిని అప్పగించి మరల ద్రవమగును.

ఒక టన్ను ఏసీ అన్నప్పుడు టన్ను అనునది యంత్రము బరువు కాదు. ఒక టన్ను మంచును 24 గంటలలో కరిగించునంత వేడిని తోడగల శక్తి అది, సుమారు 3.5 కిలోవాట్లు. అందులకు సుమారు ఒక కిలోవాటు కరెంటు ఖర్చగును. రెండును కలిసి 4.5 కిలోవాట్ల వేడి బయటి పెట్టెనుండి వెలువడవలెను. ఆ దారి మూసుకొన్నచో కంప్రెసరు రొప్పును, మీటరు పరుగెత్తును, గది మాత్రము చల్లబడదు.

కావున పెట్టెకు ఊపిరాడు చోటు చూపవలెను. బాల్కనీ మూలకు నెట్టి, ఎదుట పాతసామాను పేర్చినచో అది తాను వదలిన వేడిగాలినే మరల పీల్చుకొనును. పొరుగువారి కిటికీకి ఎదురుగా పెట్టుట మర్యాదయు కాదు. మనకు సముద్రము ఆగ్నేయదిశలో నున్నది గనుక, వీలున్నచో ఇంటి ఉత్తరపుగోడ మేలు: ఉప్పుగాలి సూటిగా తాకదు, ఎండయు తక్కువ.

ఉప్పు మాట వేరుగా చెప్పవలెను. బారువ, భావనపాడు, కళింగపట్నము వంటి తీరగ్రామములలో అలల తుంపర గాలిలో ఎగసి, సన్నని ఉప్పుగా రేకులమీద పేరుకొనును. ఉప్పు తేమను పట్టి ఉంచును. ఆ తడిలో రాగియు అల్యూమినియమును ఒకదానినొకటి తాకియున్నచోట అల్యూమినియము తినివేయబడి తెల్లని పొడిగా రాలును. బొబ్బిలి, రాజాము వంటి లోపలి ఊళ్ళలో ఉప్పు బాధ తక్కువ. అచ్చట దుమ్మే శత్రువు. తీరమున నుండువారు రేకులకు రక్షణపూత ఉన్న యంత్రమునే అడిగి కొనవలెను. నెలకొకసారి మంచినీటితో రేకులను కడిగించవలెను. బోరునీరు ఉప్పగా నున్నచో దానితో కడుగుట పుండుమీద కారము చల్లుటయే. కడుగుటకు ముందు రిమోటుతో ఆపిన చాలదు. మెయిన్ స్విచ్చి తీయవలెను. నీటిధార మెల్లగా రేకులమీదనే పడవలెను, వైర్లున్న వైపు పడరాదు. జోరైన ధారకు రేకులు వంగిపోవును. మేడమీదినుండి వంగి ఈ పని చేయరాదు. అది తాడు కట్టుకొని పనిచేయు మెకానిక్కు పని. మనము చేయగల పని లోపలి పెట్టెలోని జల్లెడను పదునైదు దినములకొకసారి కడిగి ఆరబెట్టుట.

గ్యాసు అయిపోయినదని ఏటేట డబ్బు చెల్లించువారు ఒక సంగతి గుర్తుంచుకొనవలెను. గ్యాసు దీపములో నూనెవలె ఖర్చగునది కాదు. మూసిన గొట్టములలో తిరుగునది. తగ్గినదనగా ఎచ్చటనో కారుచున్నదని అర్థము. కారుచోటు కనిపెట్టి అతికించకుండ మరల నింపించుట చిల్లికుండలో నీరు పోయుటయే. నేటి యంత్రములలో విరివిగా వాడు ఆర్-32 గ్యాసుకు కొంత మండు గుణము కలదు. కనుక ఆ పని తెలిసినవారే చేయవలెను.

ఇక తుపానులు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ విశాఖపట్నమువద్ద తీరము దాటినది. 2018 అక్టోబరు 11న తిత్లీ పలాస సమీపమున తీరము దాటి ఉద్దానపు కొబ్బరితోటలను నేలకూల్చినది. అట్టి గాలికి తుప్పుపట్టిన మేకులమీది పెట్టె ఒక లెక్క కాదు. అది ఊడిపడినచో కింద నున్నవారి ప్రాణములకే ముప్పు. కావున వానకాలము ముగియకమునుపే పెట్టెను మోయు ఇనుపచట్రమును, బోల్టులను పరీక్ష చేయించవలెను. హెచ్చరిక వెలువడగానే మెయిన్ స్విచ్చి తీసివేయవలెను. తుపాను వెలసి కరెంటు వచ్చినదని వెంటనే నడుపరాదు. వోల్టేజి నిలకడ చెందనిచ్చి, ఉప్పునీటిని మంచినీటితో కడిగించి, ఆరనిచ్చి నడుపవలెను. పెట్టె వరదనీట మునిగియున్నచో, ఎలక్ట్రీషియను చూడక ముట్టరాదు.

చివరి మాట. 2020నుండి మన దేశమున స్టార్ గుర్తుగల ఏసీలు 24 డిగ్రీలవద్ద అమర్చబడియే వచ్చుచున్నవి. దానిని 18కి దించినంతమాత్రమున గది త్వరగా చల్లబడదు. తోడవలసిన వేడి మాత్రము పెరుగును. 24వద్ద నుంచి, పైన ఫాను మెల్లగా తిప్పుకొనుట సుఖము, పొదుపు కూడ. వడగాడ్పులు వీచునాడు ఇంటిలోని వృద్ధులకును, పసిబిడ్డలకును ఆ చల్లనిగది పెద్ద అండ. ఆ అండ నిలుచుటయు, తొలగుటయు గోడకు ఆవలి పెట్టెమీద ఆధారపడియున్నది. వారమునకొకసారియైనను వెలుపలికి వెళ్ళి దానివంక చూచెదము గాక!