నలిగే కారే నయం!

"పాత అంబాసిడర్ ఇనుప కోట! ఇప్పటివన్నీ రేకు డబ్బాలు" అని పెద్దవాళ్ళు అనడం మీరు వినే ఉంటారు. నిజమేనా?

2009లో అమెరికాలోని రహదారి భద్రతా బీమా సంస్థ ఒక పరీక్ష చేసింది. 1959 నాటి షెవర్లే బెల్ ఎయిర్ కారును, 2009 నాటి షెవర్లే మాలిబు కారును గంటకు 64 కిలోమీటర్ల వేగంతో ఎదురెదురుగా ఢీకొట్టించారు. డ్రైవర్ల స్థానంలో మనిషంత బొమ్మలను కూర్చోబెట్టారు.

పాత కారులో డ్రైవరు కూర్చునే చోటే నలిగిపోయింది. అక్కడ మనిషే ఉంటే బ్రతికేవాడు కాదు. కొత్త కారుకు ముందుభాగం నుజ్జయింది కాని, లోపలి గది నిలిచింది. డ్రైవరు కాలి గాయంతో బయటపడేవాడు.

ఎందుకని? క్రికెట్ బంతిని పట్టేటప్పుడు చేతులు వెనక్కి లాగుతారు కదా! బంతి ఎక్కువ దూరంలో ఆగితే చేతికి తగిలే బలం తగ్గుతుంది. మనిషి 10 సెంటీమీటర్లలో ఆగడానికి బదులు 60 సెంటీమీటర్లలో ఆగితే, అతనిపై పడే సగటు బలం ఆరో వంతే! కారు ముందుభాగం నలుగుతూ ఆ దూరాన్ని ఇస్తుంది. గట్టి గది మనిషికి చోటు మిగులుస్తుంది. సీటు బెల్టు అతన్ని కారుతోపాటే ఆపుతుంది.

బేలా బరేన్యీ అనే ఇంజనీరు ఈ ఉపాయం కనిపెట్టాడు. 1959లోనే మెర్సిడెస్ కార్లలో ఇది అమలైంది. వోల్వో కార్లకు మూడు కొనల బెల్టు వచ్చింది కూడా ఆ ఏడే.

పాత కార్లు ముచ్చటైనవే. ప్రదర్శనలో కనబడితే తనివితీరా చూడండి. ప్రయాణానికి మాత్రం నలిగే కారే నయం. వెనుక సీటులో కూర్చున్నా బెల్టు మరువకండి!