పెరటికి శంఖపుష్పము

చేల కంచెలపై తనంతట పెరుగు శంఖపుష్పమును దింటెన అని కూడ అందురు. నీలిపూల ఈ తీగె ఒకసారి నాటుకొన్నచో కొన్ని ఏండ్లుండును.

"విత్తితిమి, మొలవలేదు" అని పలువురందురు. లోపము నేలది కాదు. గింజ తోలు గట్టిది, నీరు లోనికి పోదు. గింజను గరుకు రాతిపై కొద్దిగా అరగదీసి, రాత్రంతయు నానవేయుడు. ఉబ్బినవానిని తొలకరిలో దడి ప్రక్కన అంగుళము లోతున విత్తుడు. ఉబ్బనివానిని మరల అరగదీయుడు. నీరు నిలుచు చోటు పనికిరాదు.

వేళ్ల బుడిపెలు గాలిలోని నత్రజనిని పట్టును గనుక యూరియా అక్కరలేదు. వేసినచో ఆకు పెరుగును గాని పూత తగ్గును. పశువులు ఈ తీగెను ఇష్టముగా తినును. లేతమొక్కకు ముళ్లకంప తప్పదు.

ఎండిన కాయలు పగిలి గింజలు చిమ్మును. ముందే కోసికొనుడు. గింజలు తిన్నచో విరేచనములగును, పిల్లలకు అందనీయకుడు.